ఎదురింటి చల్లదనం

మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే మా మనుమరాలు దిండు చంకన పెట్టుకుని ఎదురింటికి వెళ్ళిపోతోంది. సెలవులకు వచ్చింది మా ఇంటికి, తినేది మా ఇంట్లో, పడుకోవడానికి మాత్రం సందు దాటుతుంది. మొదట్లో చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తరువాత ఉండబట్టలేక అడిగాను, మన ఇంట్లో ఏసీ ఉంది కదా, అక్కడ ఏముందని. అది చెప్పులు వేసుకుంటూనే జవాబిచ్చింది.

"ఏసీ పెడితే ముక్కు గడ్డ కడ్తాంది, బంద్ చేస్తే స్లాబు ఉడుకుతాంది అమ్మమ్మా. ఆ అమ్మమ్మ ఇంట్ల ఉత్త ఫ్యానుకే నిద్ర వస్తాంది."

ఏసీ గురించి అన్నందుకు నాకేం కోపం రాలేదు. "ఆ అమ్మమ్మ" అన్నందుకు ఒళ్ళు మండింది. ఆ అమ్మమ్మ నా ఈడుది. ఒకే బడిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. ఆమె మీద నా కుళ్ళు ఈ ఎండాకాలం పుట్టింది కాదు, నేను పరికిణీ కట్టి తిరిగేనాటిది. పెళ్ళై హనుమకొండకు కాపురానికి పోయినప్పుడు కొన్నేళ్ళు మరిచిపోయాను. మా బాపు పోతూ పోతూ ఈ ఇల్లు నా పేర పెట్టడంతో తిరిగొచ్చి చూస్తే, ఇంటితో పాటు ఆ కుళ్ళు కూడా నా కోసం కాచుకుని ఉంది. ఆమె తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ కాబట్టి అల్లుణ్ణి ఇంటికే తెచ్చుకున్నారు, ఆమె ఎక్కడికీ పోలేదు.

అప్పట్లో వరంగల్లులో మా సందంతా గూన పెంకల ఇళ్ళే. కుమ్మరి చేసి కాల్చిన వంపు పెంకలు, ఒక వరస వెల్లకిలా, దాని మీద ఒక వరస బోర్లా. కింద మందపాటి మట్టిగోడలు. ఎండాకాలం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చేరేది నడిమి అర్రలోనే. ఆ అర్రకు కిటికీ లేదు, పట్టపగలు కూడా మసకగా ఉండేది. మూలన రంజన్ కుండలో నీళ్ళు, గుమ్మానికి తడిపి కట్టిన వట్టివేళ్ళ తడిక, అటక మీద కొత్త చింతపండు, వీటన్నిటి వాసనా కలిసి ఆ అర్రకు ఒక వాసన ఉండేది. వీధి తలుపు తెరిస్తే మాత్రం మిర్చి ఘాటు వచ్చేది. ఊళ్ళోకి మిర్చి బండ్లు దిగే కాలం కదా, సందులో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవారు.

పచ్చిపులుసు పోసుకుని అన్నం తిని, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క బుగ్గన పెట్టుకుని బాపమ్మ పక్కన చేరేదాన్ని. బాపమ్మ అంటే మా బాపు తల్లి. ముందుపళ్ళు రెండు ఊడిపోయిన మనిషి, చేతులు ఎప్పుడూ చింతపండు వాసన వేసేవి. చింతగింజలు తీస్తూ అందులో నున్నటివి ఏరి నా ఆటకు కొంగున కట్టి ఉంచేది. పడుకుంటే పైన వాసాల మధ్య వెల్లకిలా వేసిన పెంకల వీపులు కనబడేవి. మా ఇంటి గూన పరకాల దిక్కు కుమ్మరి చేసిచ్చిందట. ఆయన తన సరుకని గుర్తు ఉండటానికి పచ్చిమట్టి మీద వేలితో పాములాంటి వంకర గీత ఒకటి గీసేవాడు. సందులో ఇంకెవరి ఇంటి పెంకలకూ ఆ గీత లేదు. బాపమ్మ విసనకర్ర కాడతో ఆ గీతలను చూపించి, "సూడు బిడ్డా, పాము యాడికి పోతాందో సూడు" అనేది. నేను గోడ పక్క పెంక మీద మొదలుపెట్టి ఒక పెంక నుంచి ఇంకో పెంకకు ఆ పాము వెంట పోయేదాన్ని. కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు దాకా ఏనాడూ చేరలేదు, ముందే నిద్ర పట్టేసేది.

మా బాపుది సిమెంటు, ఇనుము దుకాణం. ఊరందరికీ స్లాబు ఇల్లు కట్టుకోండని చెప్పే మనిషి తాను గూన కింద ఉంటే ఎవరు నమ్ముతారని ఆయన బాధ. దానికి తోడు కోతులు. మా ఊరి కోతుల సంగతి తెలిసిందే, గుంపుగా వచ్చి పెంకలు తిరగేసి, తన్ని, పలగ్గొట్టి పోయేవి. ఏటేటా వానలకు ముందు ఇల్లు కప్పించాల్సి వచ్చేది. స్లాబు వేస్తే కోతులు డాన్సు చేసినా మనకు ఫికర్ ఉండదని బాపు వాదించాడు. బాపమ్మ చాలా రోజులు మొండికేసింది. నిన్ను గూన కిందనే కన్నాను, గూన కిందనే పెంచాను, నీకు ఏం తక్కువైందని అడిగింది. చివరికి కొడుకు మాటే నెగ్గింది.

ఇల్లు విప్పారు. మేమంతా దుకాణం వెనక గోదాములోకి మారాం. పని దగ్గర ఒక మనిషి ఉండాలని బాపమ్మ ఎదురింట్లో ఉండిపోయింది. నేను బడికి పోతూ చూశాను, కూలీలు మా పెంకలను సుత్తెలతో కొట్టి కొత్త ఇంటి నేల కింద పోస్తున్నారు. గీతలున్న ముక్కలు ఎర్రగా పొడిపొడి అవుతుంటే ఏడుపొచ్చింది. అయినా సందులో మొదటి బంగ్లా మాదే కాబోతోందన్న సంబరం కూడా ఉంది. బడిలో ఎదురింటి పిల్ల ముందర దాని గురించి కోయని కోతలు లేవు.

స్లాబు పడ్డాక బాపు దాని మీద చుట్టూ మట్టి మడి కట్టించి నీళ్ళు నిలిపాడు. అందరూ నిలుపుతారు, సిమెంటు గట్టిపడటానికి. కాని ఆయనది సిమెంటు దుకాణం. తన ఇంటి స్లాబుకు వెంట్రుక వాసి పగులు వచ్చినా పరువు పోతుందని, గోడలు పూసి, నేల వేసి, సున్నం కొట్టేదాకా కూడా ఆ నీళ్ళు తియ్యనివ్వలేదు. గృహప్రవేశం నాటికి కూడా పైన నీళ్ళు ఉన్నాయి. అప్పటికే ఎండలు ముదిరాయి. బంధువులు ఇంట్లో అడుగుపెట్టి, అబ్బ, ఎంత సల్లగుందని ఆశ్చర్యపోయారు. బాపు మీసం దువ్వుకున్నాడు. ఆ చల్లదనం నీళ్ళదని ఆయనకు తట్టలేదు, స్లాబుదే అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా, సందు సందంతా చెప్పుకున్నాడు.

నీళ్ళు తీసేశాక తెలిసింది ఆ ఇంటి అసలు గుణం. పొద్దున ఎక్కిన వేడి సాయంత్రం లోపలికి దిగేది. దీపాలు పెట్టే వేళకు గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమనేది. అమ్మ నేల మీద బిందెడు నీళ్ళు చల్లితే చూస్తుండగానే ఆరిపోయేది. ఫ్యాను తిరిగేది గాని పై వేడిని తెచ్చి మా మీదే పోసేది. బాపు మాత్రం చెమటలు కారుతూ కూడా, కొత్త ఇల్లు కదా, తడి ఆరే దాకా ఇట్లనే ఉంటది అనేవాడు.

బాపమ్మ కొన్ని రోజులు ఓర్చుకుంది. ఒక మధ్యాహ్నం లేచి, చాప చుట్టి, చింతపండు గంప నెత్తిన పెట్టుకుని ఎదురింటికి పోయింది. వాళ్ళది అప్పటికీ గూన ఇల్లే. పొద్దు గూకాక వచ్చింది. మరునాడు కూడా పోయింది. ఇక రోజూ అదే వరస.

నా బాధ ఎవరికి చెప్పుకోను? బాపమ్మ నా మనిషి. నా పక్కన పడుకునే మనిషి. ఇప్పుడు ఆ పిల్ల పక్కన పడుకుంటోంది. బడికి ఆ పిల్ల బాపమ్మ అల్లినట్టే గట్టిగా ఈడ్చి వేసిన జడలతో వచ్చేది. దాని పలక సంచిలో నున్నటి చింతగింజలు గలగలలాడేవి. ఒకసారి ఆ గింజలు ఎవరిచ్చారని అడిగితే, "మా అవ్వ" అంది. మా అవ్వట! ఆ మాటకు దానితో పచ్చి కొట్టి చాలా రోజులు మాట్లాడలేదు.

సందులో ఆడవాళ్ళకు ఇదొక ముచ్చట అయిపోయింది. కొడుకు బంగ్లా కట్టిస్తే తల్లి గూనింట్ల పండుతోందని నల్లా దగ్గర నవ్వుకునేవారు. ఆ నవ్వు దుకాణం దాకా పోయింది. ఒక సాయంత్రం బాపు తల్లిని కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పాడు. పరాయింటికి పోయి పండుకుంటే నలుగురిలో నా ఇజ్జత్ ఏం కావాలని. ఆమె చింతపండు చేతులు కడుక్కుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

"నేను పరాయింట్ల పండుతలేను కొడుకా. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

ఎదురింటివాళ్ళు మనవాళ్ళే అని మర్యాదకు అందనుకున్నాడు బాపు. నేనూ అట్లాగే అనుకుని ఇంకా ఉడికిపోయాను.

మధ్యాహ్నాలు ఏదో ఒక వంక పెట్టుకుని వాళ్ళ గడప దాకా పోయేదాన్ని. బాపు పిలుస్తున్నాడని అబద్ధం చెప్పేదాన్ని, కడుపునొప్పి అనేదాన్ని. లోపల మసకలో ఇద్దరూ పడుకుని ఉండేవారు, బాపమ్మ చెయ్యి ఆ పిల్ల మీద వేసి ఉండేది. నా కళ్ళు ఆ చేతి మీదే ఉండేవి. బాపమ్మ తల ఎత్తి పిలిచేది, "లోపటికి రాయే. వచ్చి నా పక్కన పండి జర పైకి సూడు" అని. నేను గడప దాటేదాన్ని కాదు. మన ఇంట్లోనైతేనే నీ పక్కన పడుకుంటానని చెప్పి, కాలే సందులో ఒట్టి కాళ్ళతో గెంతుకుంటూ తిరిగొచ్చేదాన్ని.

ఇల్లు చల్లబడితే ఆమె వస్తుంది కదా అని నాకొక ఉపాయం తోచింది. గృహప్రవేశం నాటి నీళ్ళు గుర్తొచ్చాయి. ఒకనాడు అందరూ కునుకు తీస్తుండగా, ఇంట్లో తాగడానికి పట్టుకున్న నీళ్ళన్నీ బిందెతో మోసి డాబా మీద కుమ్మరించాను. స్లాబు సుయ్యిమని పొగలు కక్కింది, తొలివాన వాసన వచ్చింది, ఆ పైన ఎప్పటిలాగే ఎండిపోయింది. మళ్ళీ నల్లా వచ్చేది తెల్లారి. అమ్మ చేతికి చీపురు దొరికింది, నా వీపు దొరికింది. నా ఏడుపు విని బాపమ్మ చాప కూడా తీసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే, ఆ పెనం కిందనే, నన్ను పక్కన వేసుకుని విసురుతూ పడుకుంది.

నేను నిద్ర లేచేసరికి ఆమె అట్లాగే మేలుకుని విసురుతోంది. రవిక మొత్తం తడిసిపోయింది, మొఖం కమిలిపోయింది. నాకు మాత్రం పండగలా ఉంది. గెలిచాననుకున్నాను. మరునాటికి ఆమెకు జ్వరం, మెడ నిండా చెమటకాయలు. కాస్త తేరుకోగానే అమ్మే స్వయంగా చాప చుట్టి ఆమెను ఎదురింటికి పంపింది.

ఆ చలికాలంలో బాపమ్మ పోయింది, మా ఇంట్లోనే, బాపు చేతుల్లోనే. ఎదురింటి పిల్ల నాకన్నా గట్టిగా ఏడ్చింది. దానికీ కుళ్ళుకున్నాను. నా బాపమ్మ కోసం దానికంత ఏడుపేమిటని.

తరువాత ఏళ్ళలో మా బాపు సిమెంటుతో సందు మొత్తం స్లాబులు లేచాయి. వేప చెట్లు రోడ్డుకు పోయాయి. అంతస్తు మీద అంతస్తు వచ్చింది, వాటి మీద నల్లటి ట్యాంకులు, గోడగోడకూ ఏసీ డబ్బాలు. ఎవరి ఇల్లు వాళ్ళు చల్లబరుచుకుని ఆ ఉడుకంతా సందులోకి తోస్తున్నారు. పాలకుర్తి దిక్కు నుంచి సాయంత్రం బస్సులో వస్తుంటే పొలాల మీద గాలి మొఖానికి హాయిగా తగులుతుంది. ఊళ్ళోకి రాగానే ఎవరో పొయ్యి ముందు కూర్చోబెట్టినట్టు ఉంటుంది. అర్ధరాత్రి దాటినా మా గోడలు చల్లబడవు.

ఎదురింటివాళ్ళు అందరికన్నా ఆలస్యంగా స్లాబు వేశారు. విప్పిన గూనను మాత్రం పారెయ్యకుండా పెరట్లో గోడ వెంట పేర్చుకున్నారు. ఏళ్ళకేళ్ళు అక్కడే ఉంది, నాచు పట్టి, తేళ్ళకు నిలయమై. మొన్న చలికాలంలో ఆమె మేస్త్రీని పిలిపించి ఆ పెంకలన్నీ డాబా మీదికి ఎక్కించి, కడిగించి, బోర్లా వరసలుగా పేర్చి, కోతులు కదపకుండా అంచులకు సున్నం పట్టించింది. ముసలితనంలో దీనికిదేం పిచ్చి అని నేను మా ఇంటి పిట్టగోడ దగ్గర నిలబడి నవ్వాను. ఎండలు వచ్చాయి. నా మనుమరాలు దిండు తీసుకుని సందు దాటింది. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

నిన్న దాన్ని పిలుచుకు రావడానికి పోయాను, వాళ్ళమ్మ ఫోను చేసిందన్న వంకతో. ఆ వంక ఒట్టిదేనని ఎదురింటామెకు తెలియకుండా ఉంటుందా, చిన్నప్పటి నుంచి నా వంకలు చూసిన మనిషి. గడప దగ్గర చెప్పులు విప్పగానే అరికాళ్ళకు నేల చల్లగా తగిలింది. అంత ఎండలో నేల అంత చల్లగా ఉండటం చూసి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది, కుళ్ళుతోనే. ఏం చేస్తే ఇట్లా అయిందని అడిగాను. ఎండ వాలాక ఆమె నన్ను డాబా మీదికి తీసుకుపోయింది.

పెంకలు వరసగా ఉన్నాయి. పడమటి ఎండ ఏటవాలుగా పడుతోంది. నడిమి అర్రకు పైన ఉన్న పెంకల వీపుల మీద వంకర గీతలు కనబడ్డాయి. వంగి వేలు పెట్టి చూశాను. పాము గీతే.

"ఇవి యాడియే?" అన్నాను.

"యాడియేందే, మీయే" అంది ఆమె. "మీ ఇల్లు ఇప్పిననాడు మీ బాపమ్మ కూలోళ్ళ చేతిలకెల్లి గుంజుకోని, దొరికినకాడికి మోసుకొచ్చింది. కోతులు మా నడిమి అర్ర గూనంత పలగ్గొట్టి ఉండె. ఎదురుంగ నిలబడి ఆ అర్ర మీద మీయే కప్పిచ్చింది. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. తెలియడానికి ఆ గడప దాటి, ఆమె పక్కన పడుకుని పైకి చూసి ఉంటే కదా. బాపమ్మ పరాయింట్లో పడుకోలేదు. తన కప్పు కిందే, తన పాముల కిందే పడుకుంది. నన్నూ అక్కడికే రమ్మని పిలిచింది. నేను ఆ చేతినే చూస్తూ నిలబడిపోయాను. ఇది అర్థమయ్యాక అక్కడే పిట్టగోడ మీద కూర్చున్నాను. అంత దుఃఖంలోనూ నోట్లోంచి వచ్చిన ప్రశ్న ఇదీ: "పాము యాడికి పోతాందని నిన్ను గూడ అడిగేదా?"

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నన్నెందుకు అడుగుతది? నా మనుమరాలు నడికొప్పు దాక పోకముందే పండుకుంటదని చెప్పేది. రోజు నీ ముచ్చటే. పక్కన పండేది నేను, ముచ్చట నీది. నాకు నువ్వంటే ఎంత కుళ్ళో నీకేం ఎరుక."

ఇన్నేళ్ళుగా నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువును ఎదురింట్లో ఇంకొకరు కూడా మోశారు. విని సిగ్గుపడాల్సింది. నిజం చెప్పొద్దూ, నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఇవాళ మధ్యాహ్నం నేను కూడా చాప చుట్టుకుని సందు దాటాను. సగం పెంకలు మావి కాబట్టి సగం చల్లదనం నాదేనని గడపలోనే చెప్పాను. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. పైకి చూస్తే ఇప్పుడు తెల్లటి స్లాబే కనబడుతుంది, పాములు దాని పైన ఉన్నాయి. అయినా మా మనుమరాలికి వాటి సంగతి చెప్పాను, గోడ పక్క నుంచి మొదలుపెట్టి. అది నడికొప్పు దాకా రాకముందే నిద్రపోయింది. మా ఇద్దరి మధ్య, ఆమె వైపు తిరిగి, ఆమె మీద చెయ్యి వేసి.

ఆమె కళ్ళు మూసుకునేదాకా ఆగి, ఆ చెయ్యి మెల్లగా తీసి నా మీద వేసుకున్నాను.